వన్ టౌన్ వీధి కదలకుండా నిలబడిన సాయంత్రం

మొన్న ఆదివారం రాత్రి భోజనాలయ్యాక మా బావగారి మనవరాలు బాల్కనీలోకి వెళ్ళి, ఎదురుగా ఫ్లైఓవరు మీద వెలుగుతున్న దీపాలను ఫోనుతో ఫొటో తీస్తూ విసుక్కుంది. ఏమైందే అని అడిగితే, చీకట్లో తీసేటప్పుడు ఈ ఫోను మూడు సెకన్లపాటు కదలకుండా పట్టుకోమంటుందట, అంతసేపు ఎవరు పట్టుకుంటారు నానమ్మా అంది. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ పిల్ల పడుకుంది గానీ నాకు మాత్రం చాలాసేపు నిద్ర రాలేదు.

తప్పు పట్టడానికి చెప్పడం లేదు, ఆ వయసులో నాకూ మూడు సెకన్లు ఎక్కువే అనిపించేది. కానీ నేను రాత్రిపూట ఫొటోలు తీయడం మొదలుపెట్టిన రోజుల్లో మూడు సెకన్లకి చీకట్లో ఫిల్ము మీద ఏమీ పడేది కాదు. అసలు నేను ఆ పని ఎలా మొదలుపెట్టానో మా ఇంట్లో ఈ తరం వాళ్ళెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. రీలు కెమెరాలు చూసినవాళ్ళు, స్టూడియో గోడ మీద రంగులతో వేసిన మేడలూ పూలతోటల ముందు బిగుసుకుపోయి ఫొటో దిగినవాళ్ళు, నా ఈడువాళ్ళు ఎవరైనా చదువుతారేమోనని ఇప్పుడు రాస్తున్నాను.

మా పుట్టిల్లు కంకిపాడు. మా నాన్నగారు అక్కడ మిషన్ బళ్ళో టీచరు. డెబ్భైల మొదట్లో నాకు పెళ్ళయి విజయవాడ వన్ టౌన్‌కి వచ్చాను. మా ఆయనకి అక్కడ హోల్‌సేలు బట్టల కొట్ల మధ్య ఒక మేడ మీద చిన్న ఫొటో స్టూడియో ఉండేది. కింద ఎవరిదో బట్టల గోడౌను, పైన వీధి వైపు వరండా, దాన్ని ఆనుకుని స్టూడియో గది, చిన్న డార్క్ రూము, వెనక మేముండే రెండు గదులు. పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ బేళ్ళు దింపే హమాలీల కేకలు, తోపుడు బళ్ళ ఇనప చక్రాల చప్పుడు, రిక్షా బెల్లులు. కంకిపాడులో పొలాల మధ్య పెరిగిన నాకు మొదటి నెలంతా తలనొప్పే. తర్వాత ఆ చప్పుడు ఆగితేనే మెలకువ వచ్చేది.

స్టూడియోలో నాకూ కొంత పని పడేది. కెమెరా ముట్టుకునేదాన్ని కాదు, అది మా ఆయన పని. ఆయన తీసిన ఫిల్ము చీకటి గదిలో కడగడం, ప్రింట్లు ఆరేయడం, నెగటివ్ మీద సన్నటి పెన్సిలు ములికితో మొహం మీది మొటిమలూ మశూచి మచ్చలూ కనిపించకుండా చేయడం నేను నేర్చుకున్నాను. ఆడపిల్లల పెళ్ళిచూపుల ఫొటోలంటే ఆ మచ్చలు పోవాల్సిందే. వన్ టౌన్‌లో ఎంతమంది మొహాలు నా చేతుల మీదుగా నున్నబడ్డాయో లెక్కలేదు.

మాతో పాటు మా అత్తగారు ఉండేవారు. ఆవిడ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు, అందులో సగానికి పైగా నైట్ డ్యూటీలే. మామగారు ముందే పోయారు. పెద్ద కొడుకు, అంటే మా బావగారు, చల్లపల్లిలో హైస్కూలు మాస్టారు. వీధిలో చిన్నాపెద్దా అందరూ మా అత్తగారిని నర్సమ్మ గారనే పిలిచేవారు. ఆవిడ చేతి సూది పడని ఇల్లు ఆ వీధిలో లేదు. తక్కువ మాట్లాడేవారు, మాట్లాడితే మాత్రం వార్డులో మాట్లాడినట్టే ఉండేది.

పెళ్ళయిన నాలుగో ఏడు వానాకాలంలో మా ఆయనకి కామెర్లు వచ్చాయి. పసరు మందులు పోయించాం, పెద్దాసుపత్రిలో చేర్పించాం. తగ్గుతుందన్నారు. తగ్గలేదు. భూస్థాపన నాడు పెద్ద వాన. సమాధుల తోటలో గొడుగుల కింద నిలబడి జనం పాట పాడుతుంటే నేను వాళ్ళ చెప్పులకి అంటిన బురదనే చూస్తూ నిలబడ్డాను. ఏడుపు రాలేదు. రాలేదని నలుగురూ అనుకుంటున్నారని తెలుసు, అయినా రాలేదు. ఇంటికొచ్చాక చర్చి సంఘం ఆడవాళ్ళు రోజూ సాయంత్రం వచ్చి పాటలు పాడి, ప్రార్థన చేసి వెళ్ళేవారు. అదంతా పక్కింట్లో జరుగుతున్నట్టు వినిపించేది. వేడి అన్నంలో చెయ్యి పెడితే వేళ్ళు ఎర్రబడేవి గానీ మంట తెలిసేది కాదు. కాలు తిమ్మిరెక్కినప్పుడు అది మన కాలు కానట్టుంటుందే, మనిషిని మొత్తం అలా ఉండేదాన్ని.

బావగారు వచ్చి, తొందరేం లేదు, క్రిస్మస్ దాకా చూద్దాం, తర్వాత స్టూడియో ఖాళీ చేసి సామాన్లు అమ్మేద్దామన్నారు. అమ్మ నాతో చల్లపల్లి వస్తుంది, అమ్మాయి కంకిపాడు వెళ్తుంది అని మా నాన్నగారితో మాట్లాడుకున్నారు. ఆయన చెడ్డగా ఏమీ అనలేదు. ఇరవై నాలుగేళ్ళ మనిషిని, పిల్లల్లేరు, కెమెరా పట్టడం రాదు, ఆ మేడ మీద ఒంటరిగా ఏం చేస్తానని ఎవరైనా అలాగే అనేవారు. నేను సరేనన్నాను. ఆ రోజుల్లో నన్ను ఏమడిగినా సరేననేదాన్ని.

అలా ఒక నెల గడిచాక స్టూడియో గది ఊడుస్తుంటే, స్టాండు మీద కెమెరా అలాగే ఉందని గమనించాను. పైనుంచి వంగి అద్దంలోకి చూసే పెట్టె కెమెరా, ముందు వైపు ఒకదాని మీద ఒకటి రెండు కటకాలు. అందులో రీలు ఉంది. పన్నెండు ఫొటోల రీల్లో నాలుగు తీసి ఉన్నాయి, ఎనిమిది మిగిలి ఉన్నాయి. ఆయన చివరగా తీసినవేమిటో చూడాలంటే ఫిల్ము కడగాలి. సగం రీలు కడగడమంటే స్టూడియోలో పాపం చేసినట్టే, ఫిల్ము అంత ప్రియంగా ఉండేది. మిగిలినవి తీసేసి కడుగుదామనుకున్నాను. ఎవర్ని తీయను? మనుషుల మొహాలు చూసే ఓపిక నాకు లేదు.

రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. వరండాలో కూర్చుని వీధిలోకి చూస్తుండేదాన్ని. కొట్లన్నీ కట్టేశాక ఆ వీధి వేరే ఊరిలా ఉండేది. బారుగా నిలబెట్టిన తోపుడు బళ్ళు, వాటి మీదే పడుకున్న మనుషులు, మలుపులో స్తంభానికి ఒక్క దీపం, దాని కింద గుండ్రంగా పచ్చటి వెలుగు. మొహాలు లేవు. ఇదేదో తీద్దామనిపించింది. కెమెరా వరండాలోకి తెచ్చి, మా ఆయన పగలు ఎలా నొక్కేవారో అలాగే ఎనిమిదిసార్లు నొక్కేశాను.

మర్నాడు ఫిల్ము కడిగాను. మొదటి నాలుగూ పాస్‌పోర్టు సైజు ఫొటోలు, ఎవరో నాకు తెలియని మగవాళ్ళు. అందులో మా ఆయన ఎక్కడా లేరు. తీసినవాడు ఫొటోలో ఎందుకుంటాడు? తర్వాత ఎనిమిదీ ఖాళీ. రాత్రి తీసింది వెలుగు చాలక ఏమీ పడలేదు, ఫిల్ము కిటికీ అద్దంలా తేటగా ఉంది, ఒక్కచోట మాత్రం ఆవగింజంత నల్లటి చుక్క. అది వీధి దీపం, నెగటివ్‌లో వెలుగు నల్లగానే కదా పడేది. నేను దాన్ని చాలాసేపు పట్టుకుని నిలబడ్డాను. దుఃఖం కాదు, నిరాశ కూడా కాదు. ఆ ఎనిమిది ఖాళీ గళ్ళూ చూస్తుంటే, నేను ఈ నెలంతా ఉన్నది ఇలాగే కదా అనిపించింది, అంతే.

ఆ రాత్రి వరండాలోకి వస్తే మా అత్తగారు అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నారు. ఆవిడకి నిద్ర పట్టడం లేదని నాకు అంతవరకూ తెలియదు. ఒకే ఇంట్లో గోడకి అటొకరం ఇటొకరం మెలకువగా పడుకుని ఉంటున్నామన్నమాట.

"నిన్న ఏదో నొక్కావు, వచ్చిందా?" అని అడిగారు.

"లేదండి. వెలుగు చాల్లేదు."

"చాలకపోతే ఎక్కువసేపు పెట్టాలేమో. చీకటి వార్డులోకి వెళ్తే ముందు ఏమీ కనపడదు. కాసేపు నిలబడితే మంచాలు కనపడతాయి."

మా ఆయన మాటల్లో ఒకసారి విన్నది అప్పుడు గుర్తొచ్చింది. కెమెరా చక్రం మీద అంకెల చివర బి అనే అక్షరం ఉండేది. అక్కడ పెట్టి నొక్కి ఉంచినంతసేపూ కన్ను తెరిచే ఉంటుంది, వదిలితే మూసుకుంటుంది. చేత్తో నొక్కితే కెమెరా కదులుతుందని, అందుకు బొత్తాము ఉన్న పొడుగాటి తీగ ఒకటి డ్రాయరులో ఉండేది. అవి రెండూ వెతికి పెట్టుకున్నాను. ఎంతసేపు తెరవాలో మాత్రం నాకు తెలియదు, చెప్పేవాళ్ళూ లేరు. చీకట్లో గడియారం ముల్లు కనపడదు. మా అత్తగారే అన్నారు, నేను లెక్కపెడతాను, ప్రభువు ప్రార్థన ఒకసారి చెప్పేంతసేపు పెట్టి చూడమని. నైట్ డ్యూటీలో దీపం లేనప్పుడు అలాగే లెక్కపెట్టుకునేవారట, నెమ్మదిగా చెబితే అర నిమిషం పడుతుంది.

భూస్థాపన అయినప్పటి నుంచీ ఆవిడ నోట ప్రార్థన నేను వినలేదు. సంఘం వాళ్ళు వచ్చినప్పుడు కూడా తల వంచుకుని కూర్చునేవారే తప్ప పెదవి కదిపేవారు కాదు. ఆ రాత్రి వరండాలో ప్రార్థన చెప్పారు, చర్చిలో చెప్పినట్టు కాదు, గుడ్డలు లెక్కపెట్టి చాకలికి వేసినట్టు, ఒక్కొక్క మాటా సమానంగా. ఆమెన్ అన్నప్పుడు నేను బొత్తాము వదిలాను.

అది వచ్చింది. తోపుడు బళ్ళు వచ్చాయి, గోడ వచ్చింది, మలుపులో మూసిన తలుపులు వచ్చాయి. బళ్ళ మీద పడుకున్నవాళ్ళ దుప్పట్లు కూడా వచ్చాయి.

అక్కడి నుంచి మాకదొక అలవాటయింది. వీధి దీపానికి ఒక ప్రార్థన, దీపం దూరంగా ఉంటే రెండు, కాలవ గట్టుకి మూడు. ముందు మా వీధి, తర్వాత పక్క వీధి, తర్వాత కాలవ వంతెన. నేను స్టాండు మోసేదాన్ని, ఆవిడ తన నల్ల గొడుగు పట్టుకొచ్చేవారు, ఎదురుగా లారీ దీపాలు వస్తే కటకానికి అడ్డం పెట్టడానికి. తెల్లచీరల్లో ఇద్దరు ఆడవాళ్ళు, సెకండ్ షో వదిలే వేళకి వీధి మధ్యలో మూడు కాళ్ళ స్టాండు పెట్టుకుని నిలబడితే చూసేవాళ్ళకి ఎలా ఉండేదో నాకిప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు నవ్వు లేదు, భయమూ లేదు. ఆ రెండూ కూడా తిమ్మిరెక్కి ఉన్నాయి.

ఒకరాత్రి బ్యారేజీ దాకా వెళ్ళాం. వరదలు తగ్గి కృష్ణ నిండుగా, కదలనట్టు ఉంది. బ్యారేజీ మీది దీపాలు నీళ్ళల్లో బారుగా పడుతున్నాయి. స్టాండు పెట్టి సర్దుకుంటుంటే ఒక కానిస్టేబులు టార్చిలైటు వేసుకుంటూ వచ్చాడు.

"ఏమ్మా, ఈ టైములో ఇక్కడేం పని? బ్యారేజీని ఫొటోలు తీయకూడదు, తెలీదా?"

"తెలీదు బాబూ," అన్నారు మా అత్తగారు. "దేన్ని తీయొచ్చో చెప్పు, దాన్నే తీస్తాం."

ఆ ప్రశ్న అతన్ని అంతకుముందు ఎవరూ అడిగి ఉండరు. అటూ ఇటూ టార్చి తిప్పి చూశాడు. "ఇటు తిరగండి. అమ్మవారి కొండ తీసుకోండి. కొండకైతే ఏం అభ్యంతరం లేదు," అన్నాడు. కాస్త ఆగి, "ఇంతకీ పగలు తీసుకోవచ్చుగా?" అన్నాడు.

"మా అబ్బాయి పోయాడు. ఈ అమ్మాయి మా కోడలు. ఇద్దరికీ రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు."

అతను టార్చి కిందికి దించాడు. కొంచెం దూరంగా వెళ్ళి, లారీ వస్తే మేమున్న చోటు తప్పించి పోయేలా టార్చి ఊపుతూ నిలబడ్డాడు.

నేను కెమెరాని కొండ వైపు తిప్పాను. గుడి దీపాలు నాలుగైదు, మెట్ల దారిలో అక్కడక్కడా ఇంకొన్ని, మిగతా అంతా నలుపు. బొత్తాము నొక్కాను. మా అత్తగారు మొదలుపెట్టారు. సగంలో ఆగిపోయారు. ఏదో దగ్గు వచ్చిందేమో అనుకున్నాను. ఎంతకీ మాట రాలేదు.

"మర్చిపోయానమ్మాయ్," అన్నారు చివరికి. "తర్వాత ఏం వస్తుందో గుర్తు రావట్లేదు."

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చెప్పుకున్న ప్రార్థన అది. నాకు తర్వాతి మాట తెలుసు. అయినా అందించలేదు. అందించి ఆ మౌనాన్ని ముగించాలనిపించలేదు. బొత్తాము మీది వేలు తీయలేదు. ఆవిడ రెయిలింగు పట్టుకుని నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డారు, నేను ఆవిడని చూస్తూ నిలబడ్డాను. రైలు వంతెన మీద గూడ్సు బండి మొదలై పూర్తిగా దాటిపోయింది. ఆ తర్వాత ఆవిడ మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. ఈసారి లెక్కపెడుతున్నట్టు లేదు. మధ్యలో ముక్కు చీదుకున్నారు, కానీ చివరిదాకా చెప్పారు. నేను బొత్తాము వదిలాను.

ఆ ఫొటో పాడైపోయి ఉంటుందనుకున్నాను. కడిగి ప్రింటు వేస్తే దీపాలన్నీ ఉబ్బిపోయి తెల్లటి ముద్దలయ్యాయి, అది నిజమే. కానీ ఆ రాత్రి మా ఇద్దరి కళ్ళకీ కనిపించనిదంతా వచ్చింది. కొండ అంచు, బండరాళ్ళు, కింద ఇళ్ళ కప్పులు, నీటి ఒడ్డున కట్టేసి ఉన్న పడవ. ఆవిడ ఆ ప్రింటు చేతిలోకి తీసుకుని దీపం దగ్గరికి వెళ్ళి చూశారు. రెండు రోజుల తర్వాత చూస్తే మెట్ల దగ్గర వీధిలోకి వేలాడే మా షోకేసు అద్దంలో, పాత పెళ్ళిఫొటో తీసేసి అది పెట్టి ఉంది. పెట్టింది ఆవిడే.

మా ఎదురుగా పెద్ద బట్టల కొట్టు ఒకటి ఉండేది. ఆ షావుకారు గారిది చేనేత కుటుంబం, తండ్రి నేసిన బట్ట మూట కట్టుకుని తిరిగి అమ్మినవాడట, ఈయన హోల్‌సేలుకి ఎదిగాడు. ఆ దీపావళికి కొట్టు ముందుభాగం కొత్తగా కట్టించి, రంగు బల్బుల తోరణాలు వేలాడదీసి, పైన గొట్టాల దీపాలతో పేరు వెలిగేలా బోర్డు పెట్టించాడు. దాన్ని రాత్రిపూట వెలుగుతుండగా ఫొటో తీయించి క్యాలెండరు వేయించాలని ఆయన కోరిక. మా షోకేసులో కొండ చూసి మేడెక్కి వచ్చాడు.

"నర్సమ్మ గారూ, ఇది తీసిందెవరండీ?"

"మా కోడలు."

ఆయన నాకేసి చూసి, మళ్ళీ ఆవిడకేసి చూసి, "అయితే మా కొట్టు కూడా తీయమనండి," అన్నాడు.

మర్నాడు బాగా చీకటి పడ్డాక, కొట్టు కిటకిటలాడుతున్న వేళ, మా వరండాలో స్టాండు పెట్టి ఒక ప్రార్థనంతసేపు తీశాను. బోర్డు బ్రహ్మాండంగా వచ్చింది. తోరణాల్లో బల్బులు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. మర్నాడు తడి ఆరీ ఆరకముందే ఆయనే మేడెక్కి వస్తే చేతికిచ్చాను. ఆయన మొహం పాలిపోయింది.

"ఏంటమ్మా ఇది? నిన్న ఆ టైములో కొట్టు నిండా జనం. ఇందులో ఒక్కడూ లేడేంటి? దీపాలు పెట్టుకుని ఈగలు తోలుకుంటున్నట్టుంది."

చూస్తే నిజమే. అంతసేపు కన్ను తెరిచి ఉంచితే, నడిచేవాళ్ళు ఒక్కచోట నిలవరు గనక ఫిల్ము మీద పడరు. వాళ్ళు తిరిగిన చోట పలచటి పొగలాంటిది మాత్రం ఉంది. వీధంతటిలో వచ్చింది ఒక్కడే, బండి మీద పడుకున్న ఒక ముసలి హమాలీ. పండగ బేరాల మధ్య వన్ టౌన్ వీధి నా ఫొటోలో ఖాళీగా ఉంది. ఇన్నాళ్ళూ నేను ఖాళీ వీధులే తీశాను, కాబట్టి నాకీ సంగతి తెలియలేదు.

సరిగ్గా ఆ రోజే మా బావగారు చల్లపల్లి నుంచి వచ్చి ఉన్నారు. మేడ కావాలని ఎవరో అడుగుతున్నారని, క్రిస్మస్ దాకా ఆగడం దేనికని చెప్పడానికి వచ్చారు. షావుకారు గారి మాటలు విన్నారు. వాళ్ళమ్మతో నెమ్మదిగా, "చూశావుగా అమ్మా. ఇది ఇంట్లో కూర్చుని చేసే పని కాదు. రేపెవరో వచ్చి మాటంటే అమ్మాయి పడాలి," అన్నారు. నాకు ఆయన మాట సబబుగానే తోచింది. స్టాండు మడిచి మూల పెట్టబోయాను.

మా అత్తగారు షావుకారు గారిని అడిగారు. "తోరణాలు ఇంకెన్నాళ్ళుంచుతావు?"

"ఎల్లుండి దింపేస్తారండీ."

"అయితే రేపు సాయంత్రం మళ్ళీ తీస్తుంది. జనం కావాలన్నావుగా. జనాన్ని నేను నిలబెడతాను." తర్వాత కొడుకు వైపు తిరిగి, "నువ్వు రేపటి బస్సుకి వెళ్ళొద్దు. మలుపు దగ్గర రిక్షాలు ఆపడానికి మనిషి కావాలి," అన్నారు. హైస్కూలు పిల్లలు గజగజలాడే మా బావగారు, తల్లి మాటకి చేతిసంచీ మళ్ళీ లోపల పెట్టారు.

మర్నాడు దీపాలు వెలిగే వేళకి మా అత్తగారు తెల్లచీర కొంగు దోపుకుని, గొడుగు చేత పట్టుకుని వీధిలోకి దిగారు. కొట్టు ముందు ఎవరో దింపిన బట్టల బేలు ఒకటుంటే దాని పక్కన నిలబడి, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వినపడేలా చెప్పారు.

"ఇదిగో, అందరూ ఎక్కడివాళ్ళు అక్కడే నిలబడాలి. ఫొటో తీస్తున్నాం. నేను ప్రార్థన చదువుతాను, అది అయ్యేదాకా ఎవరూ కదలొద్దు. కళ్ళు ఆర్పుకోవచ్చు. అబ్బాయ్, నీ బండి కిందపెట్టు. నీకే చెప్పేది."

ఆ గొంతుకి చిన్నప్పుడు చెయ్యి చాపి సూది పొడిపించుకున్నవాళ్ళే సగం వీధి. బేరం చేస్తున్నవాళ్ళు బట్ట చేతిలో పట్టుకుని ఆగారు. హమాలీలు నెత్తిన బేలుతోనే ఆగారు. సోడా బండివాడు, మసీదు నుంచి వస్తున్న ఇద్దరు పెద్దమనుషులు, చంకలో పిల్లతో ఒకావిడ, షావుకారు గారు గల్లాపెట్టె దగ్గర, అందరూ ఆగారు. మలుపులో మా బావగారు రెండు చేతులూ బారచాపి రిక్షాకి అడ్డంగా నిలబడ్డారు.

నేను బొత్తాము నొక్కాను. కింద ఆవిడ గొంతు మొదలైంది.

మీకు చెప్పాను కదా, అది పైనుంచి వంగి చూసే కెమెరా. కన్ను తెరిచి ఉన్నంతసేపూ పైన అద్దంలో బొమ్మ కనిపిస్తూనే ఉంటుంది, కుడి ఎడమలు తారుమారై. ఆ అరచేతి అద్దంలో వన్ టౌన్ వీధి కదలకుండా నిలబడి ఉంది. అంతకు ముందు ఎన్నడూ నేను ఆ వీధిని నిశ్శబ్దంగా జనంతో చూడలేదు. నిశ్శబ్దంగా ఉంటే జనం లేరు, జనం ఉంటే నిశ్శబ్దం లేదు. ఇప్పుడు రెండూ ఉన్నాయి. రంగు బల్బులు వాళ్ళ జుట్టు మీదా భుజాల మీదా మెరుస్తున్నాయి. చంకలో పిల్ల కూడా ఏడవడం మానేసి మా అత్తగారి నోటికేసి చూస్తోంది. నా కళ్ళముందు ఇంతమంది, ఒక్కొక్కరికీ ఒక మొహం. రెండు నెలలుగా నేను తప్పించుకు తిరిగిన మొహాలన్నీ ఒక్కసారిగా, నా పని అయ్యేదాకా కదలకుండా.

అప్పుడు కన్నీళ్ళు పొంగాయని రాస్తే బాగుండేది. పొంగలేదు. ఆకలేసింది. కడుపులో కరకరలాడేటంత ఆకలి. కింద మిరపకాయ బజ్జీలు వేగుతున్న వాసన ఎప్పటి నుంచో వస్తూ ఉండి ఉంటుంది, నాకు అప్పుడు తెలిసింది. ఆవిడ ఆమెన్ అన్నారు, బొత్తాము వదిలాను, వీధి మొత్తం ఒక్కసారి ఊపిరి వదిలి మళ్ళీ గోలలో పడింది. నేను స్టాండు మడవకుండానే కిందికి దిగి, బజ్జీలు కొనుక్కుని, రోడ్డు మీద నిలబడే తిన్నాను. నాలుక కాలింది.

ఆ ఫొటోలో అందరి మొహాలూ వచ్చాయి, ఒక్క మా అత్తగారి నోరు తప్ప. ప్రార్థన చదువుతూ ఉన్నారు కాబట్టి అక్కడ చిన్న మసక. షావుకారు గారు క్యాలెండరు వేయించడమే కాక పెద్దది చేయించి కొట్లో గోడకి పెట్టారు. వారం రోజులు ఎవరో ఒకరు వచ్చి, అందులో తాము ఎక్కడున్నామో వేలితో వెతుక్కునేవారు. తర్వాత మేడెక్కి వచ్చి, మాక్కూడా ఒక కాపీ కావాలనేవారు. ముసలి హమాలీ కూడా వచ్చి, రెండు ఫొటోల్లోనూ పడ్డది తనొక్కడేనని అందరికీ చెప్పుకుని వెళ్ళాడు.

బావగారు ఒక ప్రింటు అడిగి తీసుకున్నారు. అందులో ఆయన చేతులు చాచి నిలబడ్డ తీరు చూసి తనకే నవ్వొచ్చినట్టుంది గానీ నవ్వలేదు. బస్సెక్కబోతూ, "క్రిస్మస్‌కి మీరిద్దరూ చల్లపల్లి రండి," అన్నారు. కాస్త ఆగి, "రెండు రోజులకంటే ఉండకండి, స్టూడియో మూసిపెడితే వచ్చినవాళ్ళు తిరిగిపోతారు," అన్నారు. మేడ ఖాళీ చేసే మాట మళ్ళీ ఆయన నోట రాలేదు.

తర్వాత చాలా ఏళ్ళు ఆ స్టూడియో నడిపాను. రాత్రిపూట ఫొటో కావాలంటే, కొత్త కొట్టు ప్రారంభమైనా, పెట్రోమాక్స్ దీపాలతో పెళ్ళి ఊరేగింపైనా, చర్చి మీద నక్షత్రం వెలిగించినా, వన్ టౌన్‌లో నాకే కబురు వచ్చేది. మోకాళ్ళు సహకరించినన్నాళ్ళూ మా అత్తగారు వెంట వచ్చారు. సెకన్లు చూపించే గడియారం కొనుక్కున్నాక కూడా ఆవిడ లెక్కనే నమ్మాను. ఆ తిమ్మిరి ఎప్పుడు వదిలిందో మాత్రం చెప్పలేను. ఆ బజ్జీల రోజునే వదిలిపోలేదు, మర్నాడు మళ్ళీ మామూలే. ఎక్కడో కొంచెం, మరెక్కడో కొంచెం, నాకు తెలియకుండా వదిలింది. మా ఆయన కోసం నేను మొదటిసారి ఏడ్చింది ఆ తర్వాతి వేసవిలో, ఎవరో పెళ్ళివారు తీసుకెళ్ళని ఫొటోలు సర్దుతూ, ఏ కారణమూ లేకుండా. మా అత్తగారు తలుపు దగ్గరికి వచ్చి చూసి, లోపలికి రాకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయారు.

ఈ మధ్య ఒక పని మీద ఆ వీధికి వెళ్ళాను. మేడ లేదు, దాని చోట అద్దాల బిల్డింగు. షావుకారు గారి మనవలు కొట్టు మూడంతస్తులు చేశారు. తోపుడు బళ్ళ మీద పడుకునేవాళ్ళు ఎటు వెళ్ళారో తెలియదు. పొద్దుపోయాక కూడా ఆ వీధిలో ప్రతి బోర్డూ తెల్లగా మండుతూ ఉంది. స్తంభం కింద గుండ్రంగా పడే పచ్చటి వెలుగు ఎక్కడా లేదు, దాని చుట్టూ ఉండే నలుపూ లేదు. బాగానే ఉంది, ఆడపిల్లలు నిర్భయంగా నడుస్తున్నారు, కాదనను. మేము ఆ చీకటి ఎదుట కూర్చుని, ఏమీ కనపడని చోట ఏదో ఒకటి కనపడేదాకా ఆగడం నేర్చుకున్నాం. ఇప్పుడక్కడ చీకటి పడడమే లేదు. ఆ మేడల మీద నిద్ర పట్టని మనిషి ఎవరైనా ఉంటే, రాత్రంతా కిటికీలోంచి దేనికేసి చూస్తూ కూర్చుంటుందో నాకు తెలియదు.